తోక కోసిన పడవ

2023లో నేను సూరత్ దగ్గర హజీరాలో ఓడలు కట్టే ఒక యార్డులో పనిచేస్తున్నాను. నాది స్టెబిలిటీ విభాగం. కట్టబోయే ఓడ నీటి మీద నిలకడగా ఉంటుందో లేదో ముందే లెక్క తేల్చి చెప్పాలి. అంతా బాగుందంటే మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. బాగా లేదంటే మాత్రం శాపనార్థాలు పెడతారు.

ఆ ఏడాది మల్లేశం అనే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, ఇప్పుడు పల్సానాలో బట్టలకు రంగులద్దే మిల్లులకు ఫైబర్ ట్యాంకులు చేసే కార్ఖానా నడుపుతున్నాడు. వీడియోలు చూసి ఒక వింగ్-ఇన్-గ్రౌండ్-ఎఫెక్ట్ క్రాఫ్ట్ తయారు చేశాడు. దాని నిలకడ చూసి చెప్పమన్నాడు. సూరత్ నుంచి అఖాతం దాటి భావనగర్ వెళ్లే వరాఛా పేట వజ్రాల వ్యాపారులకు ఇలాంటివి అమ్మాలని ఆయన ఆశ.

ఇది చూడటానికి పొట్టి రెక్కల విమానంలా ఉంటుంది కానీ, నీటిని దాదాపు ఆనుకునే పోతుంది. రెక్కకూ నీటికీ మధ్య నలిగిన గాలి దిండులా పైకి మోస్తుంది. దాన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. చిక్కల్లా ఆ దిండు వదిలి కాస్త పైకి లేచినప్పుడే. ఎత్తే బలం రెక్క ముందు భాగానికి జరిగి, ముక్కు పైకి లేస్తుంది. అరవైల్లో సోవియట్ వాళ్లు కాస్పియన్ సముద్రం మీద ఓడంత క్రాఫ్ట్ నడిపారు. ముక్కును అదుపులో ఉంచడానికి దానికి ఎత్తయిన పెద్ద తోక పెట్టారు. చివరికి అదీ ప్రమాదంలోనే పోయింది. తర్వాత జర్మనీలో రెక్కనే తిరగేసిన త్రికోణంలా మలిచి చూశారు. దానికీ ఎత్తయిన తోక తప్పలేదు. ఈ క్రాఫ్ట్ చరిత్రంతా ముక్కును కిందికి ఉంచడానికి పడ్డ తిప్పలే.

మల్లేశం షెడ్డుకు వెళ్లి చూస్తే తోక సగమే ఉంది.

"షెడ్డు షట్టర్ల వట్టలేదు సారూ. గందుకే జర కోసిన," అన్నాడు. పైగా బలంగా ఉండాలని, ట్యాంకు అతుకులకు వేసినట్టు, కోసిన చోట ఫైబర్ మీద ఫైబర్ అంటించాడు. తోక పొట్టిదయింది, వెనక బరువూ పెరిగింది; రెండూ ముక్కును పైకి లేపేవే. నాకు ఒళ్లు మండింది. అది నీటిలో దిగకూడదని కచ్చితంగా చెప్పాను. ఆదివారం ట్రయల్‌కు జనాన్ని పిలిచేశానని, ఇప్పుడు ఆపితే పరువు పోతుందని ఆయన పట్టుబట్టాడు. నడపబోయేది ఆయన తమ్ముడు నరేశ్. పెళ్లి కాని ముప్పై ఏళ్లవాడు. లైఫ్ జాకెట్ కొలత చూసుకుంటూ మా పక్కనే నిలబడి ఉన్నాడు.

కోపంలోనే అడిగాను: "మొదటి రన్‌లో మీరు కూర్చుంటారా?"

"నాకు ఇద్దరు పిల్లలున్నరు సారూ. నేనెట్ల కూసుంట?"

ఆ మాట నోటి నుంచి వచ్చాక గాని తానేమన్నదీ ఆయనకు అర్థం కాలేదు. నరేశ్ జాకెట్ తీసి టేబుల్ మీద పెట్టాడు. అది చూసి మల్లేశమే గొంతు తగ్గించి, మనిషి లేకుండా నడిపే దారి ఉందా అని అడిగాడు.

రిమోట్ బిగించి, సీట్లో నరేశ్ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు కట్టాం. అనుమతి వచ్చాక, తాపీ నది సముద్రంలో కలిసే చోట, పోటు నిండిన వేళ వదిలాం. మొదట నీటి మీద చక్కగా జారుతూ పోయింది. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. ఒక అల తగిలి కాస్త ఎగిరిందో లేదో, ముక్కు ఆకాశానికి లేచి, వెల్లకిలా తిరిగి నీటిని కొట్టుకుంది. సీటు ఉన్న చోట పెద్ద బొక్క మిగిలింది.

నరేశ్ దాన్నే చూస్తూ, "అన్నా, నాకు పిల్లలు లేరని కూసోవెడ్తుంటివా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట వినలేకపోయాను. మల్లేశం తమ్ముడి చెయ్యి పట్టుకుని, బురదలో అలాగే కూలబడి ఏడ్చాడు.

అప్పటిదాకా ఈ క్రాఫ్టుల చరిత్రను నేను రెక్కల చరిత్రగా, తోకల చరిత్రగా చదివాను. ఇప్పుడు ఎవరైనా కొత్త డ్రాయింగ్ తెస్తే, మొదటి రన్‌లో కూర్చునే మనిషిని వెంటబెట్టుకు రమ్మంటాను. లెక్కలన్నీ ముందుగా అతనికే చెబుతాను, యజమానికి ఆ తర్వాత.