చేతులు దించిందెవరు

మోటార్లు విప్పి బిగించేవాడికి దయ్యాలు కనపడవని మా షెడ్డులో నేనే అంటుండేవాణ్ణి. నరసరావుపేటలో నాది బోరు మోటార్ల రిపేరు పని. ఏది జరిగినా దాని వెనక ఒక తెగిన వైరో, అరిగిన బేరింగో ఉంటుందని నా నమ్మకం. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఈ ఒక్కటి మాత్రం ఏ లెక్కలోకీ రావడం లేదు.

నా తమ్ముడు సైదా నేవీలో, ఒక హెలికాప్టర్ స్క్వాడ్రన్‌లో డైవర్. సెలవుకొస్తే దాని చరిత్రంతా మాకు అప్పజెప్పేవాడు. నీళ్ళ కింద దాక్కున్న సబ్‌మెరైన్లను వెతకడానికి ఆ స్క్వాడ్రన్‌ను పెట్టారట. గాల్లోనే ఆగి, కేబుల్‌తో ఒక యంత్రాన్ని సముద్రంలోకి దించి చప్పుళ్ళు వింటారట. తర్వాత పాత హెలికాప్టర్లు పోయి కొత్తవి వచ్చాయి. తుపానులో చిక్కిన జాలర్లను, వరదలో చిక్కిన జనాన్ని పైకి లాగే పని కూడా వాళ్ళ మీదే పడింది. అదెలాగో ఒకసారి అమ్మ చంకల కింద వాళ్ళ పట్టీలాగా తువ్వాలు వేసి లాగి మరీ చూపించాడు.

"చేతులు దించుకునే ఉండాలమ్మా. ఎత్తావంటే పట్టీలోంచి జారిపోతావు" అన్నాడు. అమ్మ నవ్వి వాడి వీపున ఒకటి వేసింది.

జాలర్లను వెతకబోయిన ఒక రోజు వాళ్ళ హెలికాప్టరే సముద్రంలో పడింది. మిగతావాళ్ళు దొరికారు, కొందరు ప్రాణంతో, కొందరు ప్రాణం లేకుండా. సైదా దొరకలేదు. ఆఫీసర్లు ఇంటికొచ్చి చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు. పోయినవాళ్ళ పేరున చదివించే ఫాతెహా వాడికి చదివించనివ్వలేదు. రోజూ కూరలో వాడి వాటా తీసిపెట్టేది. ఆ గిన్నె చూస్తే నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది, ఏడ్చేవాణ్ణి మాత్రం కాదు.

మరుసటి వానాకాలం, క్రోసూరు అవతల కృష్ణ ఒడ్డునున్న మా పిన్ని ఊరికి వరదొచ్చింది. పిన్నిని తీసుకొద్దామని వెళ్ళి అమ్మా నేనూ కూడా ఆమెతో పాటు డాబా మీద చిక్కుకున్నాం. మధ్యాహ్నానికి హెలికాప్టర్ వచ్చింది. అది సైదా స్క్వాడ్రన్‌దేనని తర్వాత తెలిసింది. తాడు మీద ఒక డైవర్ దిగాడు, ఉత్తరాది కుర్రాడు. చేతులు దించుకోమని సైగ చేసి చూపించాడు. ముందు పిన్నికి పట్టీ తొడిగి పైకి పంపాడు. తర్వాత అమ్మకి.

సగం దూరం వెళ్ళాక అమ్మ కిందికి చూసింది. నీళ్ళు చూసి బెదిరిందేమో, అల్లాను వేడుకుంటూ దువాకి రెండు చేతులూ పైకెత్తింది. భయమేస్తే మావాళ్ళు మొదట చేసే పని అదే. పట్టీ ఆమె చంకల మీంచి పైకి జారింది. నా పక్కనున్న డైవర్ గొంతు చించుకుని అరిచాడు. రెక్కల హోరులో ఆ అరుపు నాకే సరిగా వినపడలేదు.

అప్పుడు అమ్మ చేతులు రెండూ ఒక్కసారిగా కిందికి వచ్చాయి. ఆమె దించుకున్నట్టు లేదు. ఎవరో పట్టుకుని అదిమినట్టు డొక్కలకు అతుక్కుని, పైన తలుపు దాకా అలాగే ఉన్నాయి. తాడు మీద ఆమె ఒక్కతే ఉంది.

మమ్మల్ని గట్టు మీద దింపాక, పైనుంచి తాడు నడిపినతను నా దగ్గరికి వచ్చాడు. మీ అమ్మ పోయిందనే అనుకున్నానని, అంత జారాక మళ్ళీ చేతులు దించుకున్నవాళ్ళని తను చూడలేదని చెప్పాడు. అమ్మ జబ్బలు రెండూ కమిలి ఉన్నాయి. పట్టీ ఒరుసుకుందేమోనని చూశాను. పట్టీ అరచెయ్యంత వెడల్పు. అమ్మ జబ్బల మీదున్నవి వేళ్ళ గుర్తులు. తువ్వాలు సంగతి గుర్తొచ్చి అమ్మ తనే దించుకుందని సరిపెట్టుకుందామన్నా, ఆ గుర్తులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"సైదాగాడేరా. నా జబ్బలు పట్టుకుని దించాడు. చేతులు చానా చల్లగా ఉన్నయ్. బతికున్నోడి చేతులు కావురా అవి. పద, ఇంటికి పోయి ఫాతెహా చదివిద్దాం."

చదివించాం. ఆ రోజు నుంచి అమ్మ కూర తీసిపెట్టడం మానేసింది. కమిలిన గుర్తులు కొన్నాళ్ళకు మానిపోయాయి. అవెలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముడు పోయాడని ఇంట్లో అందరికంటే ముందు ఒప్పుకున్నవాణ్ణి నేనే. వాడి కోసం మొదటిసారి ఏడ్చింది మాత్రం ఆ గట్టు మీదే.