నాకు షుగర్ ఉన్న ఆరేళ్లు

నా మొగుడు పోయిన నెలకు నాకు హెచ్ఐవీ ఉందని తేలింది. ధైర్యంగా ఉండమంది డాక్టరమ్మ. ధైర్యం సంగతి తర్వాత, ముందు మా అత్తకేం చెప్పాలా అని ఖమ్మం నుంచి పెనుబల్లి దాకా బస్సులో బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తుంది. నాకు పుట్టిల్లంటూ మిగల్లేదు. నెలనెలా దవాఖానాకు పోవాలి, రోజూ మాత్ర మింగాలి, బతికినన్నాళ్లూ మానకూడదు. ఇన్ని ఉండి కూడా పరువైన జబ్బేదా అని వెతికితే షుగర్ దొరికింది. అది మా ఊళ్లో సర్పంచికీ ఉంది, పూజారికీ ఉంది. వాళ్ల గ్లాసులు ఎవరూ వేరే పెట్టరు.

అబద్ధం బాగానే అతికింది. నేను ఆలోచించనిదల్లా ఒకటే, నాకు తీపంటే ప్రాణం. ఏ పెళ్లికి వెళ్లినా నా విస్తరి దగ్గరికి రాగానే లడ్డూల గంప పైకి లేచి పక్కకు పోయేది. "ఆమెకు షుగరున్నది, ఎయ్యకు" అని ఊరంతా కాపలా. మా అత్తయితే రోజూ పొద్దున్నే కాకరకాయ రసం తీసి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. వైరస్ చేయలేని పని ఆ రసం సగం చేసింది. సత్తుపల్లి బస్టాండులో ముఖానికి కొంగు కప్పుకుని జిలేబీ తినేదాన్ని. చూసినవాళ్లు ఎవరితోనో లేచిపోతున్నాననుకుని ఉంటారు.

మాత్రలు పనిచేశాయి. ఒళ్లు చేశాను. పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఆ ఆరోగ్యమే నా కొంప ముంచింది.

పోయినేడు మా అత్తకు నిజంగానే షుగర్ వచ్చింది. ఊళ్లోకి వచ్చిన నర్సు పరీక్ష చేసి, దవాఖానాకు వెళ్లి మందులు తెచ్చుకోమంది. అత్త కదల్లేదు.

"ఇంట్ల గోలీలుండంగ దవాఖానా ఏంది? నువ్వు గవ్వి మింగే గిట్ల గుండ్రాయి లెక్కైనవ్" అంటూ నా డబ్బా మూత తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకోబోయింది. చేయి పట్టుకున్నాను.

"ఒక్క గోలీకి గింత పిసినారితనమా?"

"నాకు షుగర్ లేదత్తా."

"మరేంది?"

చెప్పాను. గెంటేస్తే బట్టలు దేంట్లో సర్దుకోవాలా అని కూడా ఆలోచించాను. ఆమె మాత్రం అరచేతిలోని మాత్రనే చూస్తోంది.

"నా కొడుక్కి గూడ గదేనా?"

"అవ్."

"పచ్చకామెర్లనుకుని ఊరూరు తిప్పి పసరు పోపిస్తిని గదనే. దవాఖానాకు తీస్కపోతే బతుకుతుండెనా?"

ఆరేళ్లుగా అబద్ధాలాడీ ఆడీ ఆరితేరిన దాన్ని. అయినా ఆ ఒక్క అబద్ధానికే చాలా కష్టపడ్డాను.

"బతికేటోడు కాదత్తా. అప్పటికే ముదిరింది."

అదే జబ్బుతో, నిక్షేపంలా, ఆమె ఎదురుగా నిలబడి అన్నాను ఆ మాట. ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది. పొమ్మనలేదు. అరచేతిలోని మాత్రను నా డబ్బాలో వేసి మూత బిగించింది.