వెనక స్పీకర్ల సౌండు తగ్గించింది ఎవరు?

మీరు అయిదు స్పీకర్లు కొని ముందున్న మూడింటినే వింటారు. అవును, మిమ్మల్నే అంటున్నాను. డబ్బు అయిదింటికీ ఇచ్చారు, చెవి మాత్రం ముందువాటికే ఇచ్చారు. వెనకవి గోడకు అలంకారం. కాదంటారా? ఇది చదివి, ఆ తర్వాత వచ్చి నాతో పోట్లాడండి.

మా చిన్నప్పుడు... మలేషియాలో ఇపో ఊరి దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో శనివారం సాయంత్రం అయిందంటే రామమందిరంలో భజన. తగరపు రేకుల కప్పు, సిమెంటు నేల, పొడుగాటి చాపలు. ముందు మగవాళ్ళు... దీపం చుట్టూ హార్మోనియం, మద్దెల, చిడతలు. వాళ్ళ మధ్య, మందిరానికంతటికీ ఉన్న ఒకే ఒక్క మైకు.

ఆ మైకు మా పెదనాన్నది. అంటే ఆయన కొన్నది కాదు, అందరూ చందాలు వేసుకుని కొన్నది. కానీ ఆయన ముందునుంచి అది కదిలిన రోజు లేదు.

వెనక చాపల మీద ఆడవాళ్ళు. పెదనాన్న ఒక చరణం అందుకుంటే వీళ్ళు దాన్ని తిప్పి పాడాలి. అంతే వీళ్ళ పని. మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చునేది. నేను రెండు చాపల మధ్య ఖాళీలో... ముందునుంచి మద్దెల, పైనుంచి మైకు బాకా, వెనకనుంచి అమ్మ గొంతు. ఇప్పుడు డబ్బు పోసి కొనుక్కునే సరౌండ్ సౌండు నాకు అప్పుడే ఉండేది... ఉత్తినే.

ఒక శనివారం భజన మధ్యలో వాన దిగింది. రేకుల మీద వాన అంటే తెలుసుగా, పక్కమనిషి మాట కూడా వినపడదు. ఆ వెంటనే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. పెదనాన్న నోరు కదులుతోంది, పాట మాత్రం బయటికి రావడం లేదు. మగవాళ్ళు పాట ఎక్కడుందో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వెనకనుంచి అమ్మ అందుకుంది. అత్తలు, పిన్నులు కలిశారు. వానకంటే పైన వినిపించింది. మద్దెల దారిలో పడింది. పాపం, మగవాళ్ళే తిప్పి పాడారు... పెదనాన్నతో సహా. పిల్లలం చాపల మీద దొర్లి దొర్లి నవ్వాం.

పాట అయ్యేసరికి కరెంటు వచ్చింది. మైకు కీచుమంది. పెదనాన్న గొంతు సవరించుకుని, "సరే, మళ్ళా మొదట్నించి అందుకుందాం" అన్నాడు.

"అదేటి బావా, అయిపోనాది కదా" అంది అమ్మ వెనకనుంచి.

"అయిపోతే ఏటి? మైకులో అవనేదు కదా" అన్నాడు.

మందిరమంతా నవ్వింది. అమ్మా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ మాటే ఇప్పటికీ మింగుడుపడలేదు.

మొన్న ఇంట్లో కంప్యూటర్‌కి సరౌండ్ స్పీకర్లు కొన్నాం. ముందు మూడు, వెనక రెండు, బల్లకింద దుమ్ దుమ్ అనే డబ్బా ఒకటి. ఎలా ఉన్నాయంటే ఉన్నదున్నట్టు చెబుతాను. మాట స్పష్టంగా ఉంది. ఆ డబ్బా మాత్రం పొగరుబోతు, దాన్ని సగానికి తగ్గిస్తే తప్ప పాట వినపడదు. వెనక వైర్లు పొట్టి, కుర్చీనే జరపాల్సి వచ్చింది. అసలు సంగతి, వెనక రెండూ సౌండు తగ్గించే వచ్చాయి. పెంచబోతే మా ఆయన, ఇక్కడి అందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి, అడ్డుపడ్డాడు.

"వొద్దు లా. ఎనకవి సినిమాల్లో వాన సప్పుడుకీ, తలుపు సప్పుడుకీ. పాటంతా ముందునించే కదా వస్తాది."

"ఎవులు సెప్పినారు?"

"పెట్టెమీద రాసినారు."

"మా పెదనాన్న కూడా పెట్టెమీద సదివే కూకున్నాడేటి?"

ఎందుకింత గొడవ అంటారా... ఇపోలో మా కొత్త మందిరానికి ఈ శ్రీరామనవమికి కొత్త మైకులు వస్తున్నాయి. వెనక వరసకు ఒకటి ఇవ్వమని అడిగాం. కమిటీ నవ్వింది. "మీ గొంతులకి మైకేటి అక్కా, మందిరం ఎగిరిపోద్ది" అన్నారు. ఆ జోకుతో మాట ముగిసింది. మా అమ్మకు వచ్చిన పాటల్లో సగం ఇంకెవరికీ రావు. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోట రాదు. వాళ్ళ చెవిన పడకపోతే ఆ పాటలు అక్కడితో సరి.

అందుకే కిందటి భజనలో రికార్డు చెయ్యడానికి రెండు ఫోన్లు పెట్టాం. ఒకటి హార్మోనియం పక్కన, ఒకటి అమ్మ ఒళ్ళో. ఇంటికొచ్చి మొదటిది ముందు స్పీకర్లకు, రెండోది వెనకవాటికి కలిపాం. వెనక సౌండు పూర్తిగా పెంచి, అమ్మను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాను.

పాట మొదలైంది. అమ్మ తల తిప్పి వెనక్కు చూసింది. ముందుకు చూసింది. మళ్ళీ వెనక్కు. ఒళ్ళో చెయ్యి తాళం వేస్తోంది.

"ఓలమ్మ... ఇది నేనేనేటే?"

"నువ్వేనమ్మా."

"ముందు కూకున్నోలికి మేము ఇలాగ ఇనబడతామా?"

"ఇలాగే."

కాసేపు వింది. తర్వాత నవ్వింది... ఆ ఎస్టేట్ నవ్వే.

"ఐతే మీ పెదనాన్నకి ఇనబడీది. ఇనబడనట్టు కూకున్నాడు, దొంగ బావ."

మా ఆయన వెళ్ళి ఆ దుమ్ దుమ్ డబ్బాను ఇంకాస్త తగ్గించాడు. అమ్మ ఆ పాటను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. చివరికి పిల్లలతో సహా అందరం స్పీకర్లతో కలిసి పాడాం. పక్కింటి మలాయ్ ఆవిడ కిటికీలోంచి చూసి, ఇవాళ మీ పండగా అని అడిగింది. అవునన్నాం.

రబ్బరు చెట్లు పోయాయి. తగరపు రేకుల మందిరం పోయింది. పెదనాన్నా పోయాడు. కొత్త మందిరానికి ఏసీ కూడా వచ్చింది... మైకు మాత్రం ఉన్నచోటే ఉంది.

బతిమాలడం అయిపోయింది. ఇక ఇవి డిమాండ్లు.

వెనక వరసకు ఒక మైకు.

సౌండు మీటల దగ్గర ఒక ఆడమనిషి.

ఆడవాళ్ళు అందుకున్న పాటను మగవాళ్ళు తిప్పి పాడాలి.

మీ ఇళ్ళల్లో వెనకనుంచి పాడిన గొంతు ఎవరిదో, ఏ పాట పాడేదో, కింద మీరూ రాయాలి.

శ్రీరామనవమి నాడు మొదటి పాట మా అమ్మ అందుకోవాలి. కరెంటు ఉండగానే.