సన్నాయి ఊదే మనిషి ఊపిరి

మొదట కచ్చితంగా తెలిసినవి చెబుతాను. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్తే, పలుగురాయిని పొడి చేసే ఒక ఫ్యాక్టరీ ఉంది. ఆ పొడిలోని సన్నని రేణువులను ఏళ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడవచ్చు; గట్టిపడినవి మళ్లీ మెత్తబడవు. అక్కడి కార్మికుల ఊపిరిని ఏడాదికోసారి పరీక్షించడం నా పని; ఇది ఆ పరీక్షలు మొదలైన ఏడాది సంగతి. ఇక వినికిడి: పని దిగగానే బెల్లంముక్క తింటే దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని. గొంతు సంగతి ఏమో గాని, ఊపిరితిత్తుల అడుగుకు చేరిన రేణువుకు బెల్లం అందదు. అయినా వాళ్లిచ్చిన ముక్క నేనూ చప్పరించాను. తియ్యగా ఉంది; అంతకుమించి ఏదీ రుజువు కాలేదు.

ఆ ఉదయం ఫ్యాక్టరీ ఆవరణ నిద్రలో చూసిన చోటులా ఉండింది. గాలి లేదు. మర ఆపినా పొడి ఇంకా నేలకు దిగలేదు. ఎండ అందులో పడి పాలలా చిక్కబడింది. రేకుల కప్పు, వేపకొమ్మలు, వరుసలో నిలబడ్డవారి కనురెప్పలు అన్నీ ఒకే తెలుపు. ఎవరైనా దగ్గితే ఆ తెలుపే దగ్గినట్టు అనిపించేది.

వరుసలో చివర వచ్చినవాడు మరలోకి రాళ్లు పోసే మనిషి, నడివయసువాడు. పెండ్లిళ్ల కాలంలో చుట్టుపక్కల ఊళ్లలో సన్నాయి వాయిస్తాడు. ఊపిరిని కొలిచే యంత్రం గొట్టం చేతికిచ్చి, గుండెనిండా పీల్చి ఒక్కపెట్టున వదలమన్నాను.

"ఊదేది నాకు నేర్పిస్తాండావా సార్? అది మా నాయన ఎప్పుడో నేర్పినాడు" అని నవ్వి, ఊదాడు.

తెరమీద గీత నిటారుగా లేచి, తరువాత వాలాలి. అతనిది గుట్ట ఎక్కే మేకలా మెల్లగా లేచి, మెల్లగానే దిగింది. యంత్రం లెక్కలో అది దెబ్బతిన్న ఊపిరి.

తన పరీక్ష అయిపోయి పక్కన నిలబడ్డ జతగాడు ఊరుకోలేదు. "ఏమన్నా, పెండ్లికూతురు పందిట్లోకి వచ్చేదాకా ఆపకుండా ఊదతావు. ఈడ ఒక్క ఊదుకే అయిపోయినావా? దుడ్లిస్తే గాని ఊదవా ఏమి?"

"నువ్వు నోరు మూసుకోరా" అని, అతను నావైపు తిరిగాడు. ఇప్పుడు నవ్వు లేదు. "సార్, ఊపిరి బాగలేదంటే సన్నాయి పక్కన పెట్టాల్నా? శ్రావణంలో పెండ్లిళ్లు ఒప్పుకొనుండాను."

ఒక్క గీతను నేను నమ్మను. మళ్లీ మళ్లీ ఊదించాను. సరిగా ఊదనివారి గీతలు పొంతన లేకుండా వస్తాయి. ఇతనివి ఒకదానిమీద ఒకటి అతికినట్టు వచ్చాయి. అప్పుడు తెరను వదిలి అతని ముఖం చూశాను. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. సన్నాయికి చేసినట్టే గాలిని దాచి, కొంచెం కొంచెంగా వదులుతున్నాడు.

"దాచుకోవద్దప్పా. అంతా ఒక్కసారే వదిలెయ్."

"అట్ల వదిలితే పాట తెగిపోతాది గదా సార్."

"ఇది పాట కాదు."

"నాకు తెలుసు సార్. నోటికి తెలీదు."

అరచేతులతో బుగ్గలను అదిమిపట్టుకొని ఊదమన్నాను. గీత పైకి లేచింది. చుట్టూ చేరినవాళ్లు ఈలలు వేశారు. కాని అది లేవవలసినంత లేవలేదు. తరువాత అనంతపురంలో తీయించిన ఎక్స్‌రేలో మచ్చలు కనబడలేదు. మచ్చలు కనబడకముందే ఊపిరి తగ్గడమూ ఉంటుంది. అందుకని అతన్ని మర గది నుంచి తప్పించి, దుమ్ము చేరని పని ఇవ్వాలని రాశాను. ఇప్పుడు గేటు దగ్గర ఉంటున్నాడు. సన్నాయి మానమని మాత్రం చెప్పలేదు. అలా చెప్పడానికి ఆధారం లేదు.

శ్రావణంలో ఒక మసక సాయంత్రం అదే దారిలో వస్తుంటే, వాన చూడని వేరుశనగ చేల మీదుగా సన్నాయి వినిపించింది. జీపు ఆపించాను. అతని ఊరే అది. ఒకే స్వరం ఎర్రనేలను తాకీ తాకనట్టు, తెగకుండా సాగుతూనే ఉంది. ఆ క్షణాన అతని ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయని నమ్మబోయాను. కాని సన్నాయిగాడు బుగ్గల్లోని గాలితో ఊదుతూనే ముక్కుతో ఊపిరి తీసుకోగలడు. ఎంత పొడవైన స్వరమైనా సాక్ష్యం కాదు.

గీతలో మిగిలిన ఆ తరుగు దుమ్ముదా, అలవాటుదా? ఇప్పటికీ తెలియదు. అతను మొదటిసారి మర గదిలో అడుగుపెట్టినప్పుడు అతని ఊపిరిని ఎవరూ కొలవలేదు.