చెంచాడు పసుపు

నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. నారాయణగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఆమ్లాలూ క్షారాలూ చెబుతున్నాను. లిట్మస్ కాగితం ఎందుకు రంగు మారుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది చదివితే మీరు నమ్మరు.

మొన్న వేసవిలో మా యాజమాన్యానికి వీడియో పాఠాల పిచ్చి పట్టుకుంది. ఇకమీదట సబ్జెక్టుకి ఒక్కరే పాఠం చెబుతారట, అన్ని బ్రాంచీల పిల్లలూ తెర మీద అదే చూస్తారట. కెమిస్ట్రీకి నేనూ, కొత్తగా చేరిన ఇంకొకతనూ మిగిలాం. ఇద్దరూ కొంతమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని కెమెరా ముందు డెమో ఇవ్వాలి. నచ్చినవాళ్ళు ఉంటారు, రెండోవారికి ఒక శాలువా, ఒక నమస్కారం. డైరెక్టరుగారు నాకంటే చాలా చిన్నవాడు. నన్ను గదిలోకి పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"సార్, మీ పాఠానికి వంక పెట్టేటోడు లేడు. కానీ కెమెరా వేరే సార్. జర ఫ్రెష్‌గా కనబడాలె. మీ ఫేసు ఎప్పుడు చూసినా అలసిపోయినట్టే ఉంటది."

ఎప్పుడూ అలసిపోయే ఉంటాను కాబట్టి కోపం రాలేదు. అంటే, వచ్చింది. అతని గదిలో కాదు, చిక్కడపల్లి దాకా వచ్చాక వచ్చింది. కానీ ఈ వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకో కాలేజీ వాళ్ళు గేటు కూడా తియ్యరని గుర్తొచ్చేసరికి ఆ కోపం కాస్తా చల్లారిపోయి భయం మిగిలింది. ఇంట్లో మాత్రం ఉద్యోగం సంగతి చెప్పలేదు. రేపు వీడియో డెమో ఉంది, కాస్త ఫ్రెష్‌గా కనిపించాలట అన్నాను.

మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడ్డారు. మా ఆవిడది దోమలగూడ, తాతముత్తాతల నుంచీ ఇక్కడివాళ్ళే. ఆవిడ బెండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"సెనగపిండి, మీగడ, చిటికెడు పసుపు. మొహానికి పూస్కోని, ఆరంగనే కడుక్కోండి. పార్లరోళ్ళు చేసేది గదే."

ఆ మాట చెప్పి సాయంత్రం వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది. వంటిల్లు నా చేతికి వచ్చింది.

నేను ల్యాబులో బతికినవాణ్ణి. చిటికెడు అనేది కొలత కాదని పిల్లల్ని ఎంతమందిని తిట్టానో లెక్క లేదు. పైగా చిటికెడు పసుపుకే ముఖానికి కాస్త మెరుపు వస్తే, చెంచాడు పసుపుకి ఎంత రావాలి? లెక్క తేలిగ్గానే తేలింది. నిండుగా ఒక చెంచా వేశాను. ఆ డబ్బాలోది దుకాణం పసుపు కాదు, మా అత్తగారు కొమ్ములు తెప్పించి గిర్నీలో పట్టించి పంపింది. దాంతో పప్పు వండితే గిన్నె తోమినా గరిట తోమినా పచ్చగానే ఉంటాయి. అది తెలిసి కూడా పూసుకుని, పడక్కుర్చీలో ఫ్యాను కింద వాలాను. ఆరగానే కడగాల్సింది. నిద్రపోయాను.

లేచి కడుక్కుంటే సెనగపిండి పోయింది. పసుపు పోలేదు. అద్దంలో ముఖమంతా పచ్చగా, చెవులు మాత్రం ఎప్పటిలా ఉన్నాయి. గాభరాగా సబ్బు తీసుకుని బరబరా రుద్దాను.

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇది బడిపిల్లలకి తెలుసు. పప్పు ఒలికిన చొక్కా ఉతికిన ప్రతివాళ్ళకీ తెలుసు. హారతికి పసుపునీళ్ళలో సున్నం కలిపే ఆడవాళ్ళందరికీ తెలుసు. అది చెప్పి జీతం తీసుకునే నాకు మాత్రం, నురగ కింద నా ముఖం ఇటుక రంగులోకి తిరిగేదాకా గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వచ్చింది.

"అయ్యో, ఏందండీ ఇది! ఎవరన్న కొట్టిన్రా?"

"సబ్బు."

"పసుపు ఎంతేసిన్రు?"

"చెంచాడు."

ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. "ఇంక దిష్టి తీయనీకి ఎర్రనీళ్ళు కలిపే పనే లేదు. మిమ్మల్నే చుట్టూ తిప్పితే సరిపాయె!"

"రేపు ఈ ముఖంతో వెళితే ఉద్యోగం పోతుంది," అన్నాను. నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

నవ్వు ఆగిపోయింది. అప్పుడు మొత్తం చెప్పాను. ఆవిడ నీళ్ళతో కడిగితే ఎరుపు పోయి పసుపు మళ్ళీ తేలింది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచింది. కొంచెం తగ్గింది, అంతే. "నాకెందుకు చెప్పలే?" అని ఒకే ఒక్కసారి అడిగింది.

పొద్దున హెల్మెట్ పెట్టుకుని బండి మీద బయల్దేరాను. ఆమ్లంలో పసుపు పోదని తెలుసు, అయినా ఆశ కొద్దీ నారాయణగూడ మార్కెట్ దగ్గర నిమ్మకాయల కోసం ఆగాను. హెల్మెట్లోంచి అడిగితే కూరగాయలామెకి వినపడలేదు. తీశాను.

"ఓ, పెండ్లికొడుకా! పసుపు పెట్టినంక గడప దాటొద్దన్నా, ఇంట్ల ఎవరు చెప్పలేదా?" అని, నా నెరిసిన మీసం పరీక్షగా చూసి, గొంతు తగ్గించి అడిగింది. "రెండోదా?"

కాదని చెప్పే ఓపిక లేక తలూపాను. శుభమని ఒక నిమ్మకాయ కొసరు వేసింది.

కాలేజీలో ఆ కొత్త లెక్చరర్ డెమో ముందు అయింది. ఇస్త్రీ చొక్కా, కడిగిన ముత్యం లాంటి ముఖం. నేను వాష్‌బేసిన్ దగ్గర చివరి ప్రయత్నంగా మళ్ళీ సబ్బు రుద్దాను, ఒక చెంపకి నిమ్మచెక్క పెట్టాను. తలెత్తి చూస్తే ఒక చెంప ఎర్రగా, ఒక చెంప పచ్చగా ఉంది. ఒకవైపు క్షారం, ఒకవైపు ఆమ్లం అని ఇన్నేళ్ళూ బోర్డు మీద నేను గీసిన బొమ్మే అది. తయారుచేసుకున్న పాఠం సంచీలోనే ఉంచేసి, ముఖం కడుక్కుని, సబ్బూ నిమ్మచెక్కా పట్టుకుని లోపలికి వెళ్ళాను.

ముందు వరస పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు.

"నవ్వండి," అన్నాను. "నవ్వడం అయ్యాక చెప్పండి, ఈ ముఖానికి సబ్బు రాస్తే ఏమవుతుంది?"

రాశాను. ఎర్రబడింది. నిమ్మచెక్క అద్దాను. పచ్చబడింది. "మళ్ళీ సార్, మళ్ళీ!" అని వెనక వాళ్ళు బెంచీలెక్కారు. చెంపలు మండుతున్నాయి, అయినా రాస్తూనే ఉన్నాను. పిల్లలు అడక్కుండానే ఎందుకలా అని వాదించుకోవడం చూసి చాలా కాలమైంది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

శనివారం డైరెక్టరుగారు పిలిచాడు. రెండో అతను అప్పటికే ఇంకో కాలేజీలో మాట్లాడుకున్నాడట, శాలువా కోసం కూడా ఆగలేదు.

"సార్, మీరే. కానీ వీడియో తీసే అన్న నవ్వితే కెమెరా ఊగింది. సోమవారం మళ్ళీ చేయాలె. సేమ్ టు సేమ్."

అప్పటికి నా ముఖం శుభ్రంగా ఉంది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర, హెల్మెట్ లోపల కాసేపు ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం పసుపు డబ్బా తీయబోతే మా ఆవిడ లాక్కుంది. "మీ లెక్కలు మీ కాడ పెట్టుకోండి. నేనే పూస్త." తనే కలిపింది, చెంచాడూ వేసింది. మా పెళ్ళిలో నాకు నలుగు పెట్టింది అమ్మా పిన్నీ. ఆవిడ చెయ్యి నా ముఖానికి పసుపు పూయడం ఇదే మొదటిసారి. నుదురయింది, ఒక చెంపయింది. రెండో చెంప మీద చెయ్యి ఆగింది.

"ఇంకేమన్న దాస్తున్నరా నా కాడ?"

"లేదు," అన్నాను.

"అయితే నవ్వకండి. పగులుతది."