తల్లి పురుగు కడుపు చూడటానికి వీరులపాడు వెళ్లాను

తొంభైల చివర్లో శనగపచ్చ పురుగు పత్తి చేలను తినేస్తున్న రోజులవి. ఆ పురుగు అండాశయం మీదే నా పరిశోధన. అంతకుముందు ఏడు వీరులపాడులో ఎవరి చేలో పురుగులు పట్టుకున్నానో ఆ సుబ్బాయమ్మగారే ఉత్తరం రాశారు. జగ్గయ్యపేట కొట్లో కొత్త మందు ఇచ్చారట, కొడితే గుడ్లు పెట్టే రెక్కల తల్లి పురుగులు గొడ్డుపోతాయన్నారట. మందు కొట్టాక కొన్నిటిని పట్టి, పత్తి మొక్కకి దోమతెర కప్పి దాని కింద ఉంచారట, నన్ను వచ్చి కడుపు కోసి నిజం చెప్పమన్నారు. చదవగానే ఒళ్లు మండింది. మర్నాడే బయల్దేరాను.

విజయవాడలో ఆరింటి బస్సెక్కితే గంటన్నరలో నందిగామ. అక్కడ ఇడ్లీ తిని వీరులపాడు ఆటో పట్టుకున్నాను, మనిషికి ఏడు రూపాయలు. దారి పొడుగునా మందు వాసనే. "ముక్కుకి గుడ్డ కట్టుకోండి మేడమ్, ఇక్కడ గాలిక్కూడా మందు కొట్టేశారు" అన్నాడు డ్రైవరు.

సుబ్బాయమ్మగారి ఇంటి అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి, ఒక తల్లి పురుగుని ఉప్పునీళ్లలో కోసి అండాశయాల్ని గాజు స్లైడు మీద పరిచాను. ఒక్కో అండాశయంలో నాలుగేసి సన్నటి గొట్టాలు, వాటి పైకొసన లేత కణాలు, కిందికొచ్చేకొద్దీ పెంకు కట్టిన గుడ్లు. సుబ్బాయమ్మగారు కన్ను ఆనించి చూశారు.

"దండ గుచ్చినట్టున్నాయి. గొడ్డుదానికి ఇన్ని ఉంటాయా అమ్మాయిగారూ?"

"ఉండవండీ."

"మూడుసార్లు కొట్టా. పదండి, పేట పోదాం."

మళ్లీ నందిగామ వచ్చి, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. కొట్టాయన స్లైడు వైపు చూడనైనా లేదు. "గుడ్లుంటే ఉంటాయి మేడమ్, పిల్లలవ్వవు. కంపెనీవాళ్లే చెప్పారు" అన్నాడు. అవి పిల్లలవుతాయో లేదో నా స్లైడు చెప్పదు.

సుబ్బాయమ్మగారు సంచిలోంచి గాజు సీసా తీసి బల్ల మీద పెట్టారు. లోపల పత్తి ఆకు, దాని మీద వెంట్రుకంత పిల్ల పురుగులు పాకుతున్నాయి. "తెర కింద ఆకుల మీద పొద్దున కనబడ్డాయండి. నేనొక్కదాన్నే చెబితే వినరని మేడమ్‌ని కూడా తీసుకొచ్చా" అన్నారు. అదే మందు కొంటున్న ఇద్దరు రైతులు డబ్బాలు వదిలేసి సీసా చుట్టూ చేరారు. కొట్టాయన ఆ డబ్బాల్ని వెనక్కి సర్దుకున్నాడు.

ఆ ఏడు ఆవిడకి పంట చేతికి రాలేదు. ఆ కొట్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, నా మీద కూడా. రెండేళ్లు అండాశయాల్ని పొరలు పొరలుగా కోసి రంగులు వేసిన నాకు, నాలుగు గుడ్లు ఉంచి పిల్లలవుతాయేమో చూద్దామన్న ఆలోచనే రాలేదు. మీరూ ఇలాంటి పని మీద ఆ వైపు వెళితే తెల్లారేసరికి చేలో ఉండండి, కోసిన అవయవాన్ని కుళ్లకుండా వెంటనే ఫార్మలిన్‌లో వేయండి. ఒక ఖాళీ సీసా కూడా పట్టుకెళ్లండి, గుడ్లు పెట్టిన ఆకు కోసం.