ఒక్క మెట్టు మీది ఎడమచెయ్యి

పోయిన వారం మస్కట్ పక్కన సీబ్‌లోని మా ఇంటికి స్వీడన్ నుంచి ఒక కవరు వచ్చింది. ఉత్తరాలు రాసే అలవాటే పోయిన ఈ రోజుల్లో, చేత్తో రాసిన నా పేరు చూసి గుమ్మంలోనే విప్పాను. మా ఆర్గన్ మాస్టారు నిద్రలోనే కన్నుమూశారని ఆయన కూతురు రాసి, అంత్యక్రియలనాడు పంచిన కాగితం జతచేసింది. అందులో ఆయన రచనల పట్టిక ఉంది. చిట్టచివరిది మా అమ్మ పాట.

మస్కట్‌లో నేను నర్సుగా డ్యూటీ చేసే రోజుల్లో, సోహార్ పోర్టులో ఇంజనీరుగా ఉన్న అల్లుడింట చలికాలం గడపడానికి వచ్చి, పక్షవాతంతో పడిపోయి మా వార్డులో చేరారాయన. తండ్రి పల్లెటూరి చర్చిలో గంట కొట్టేవాడట. కాళ్ళతో స్వరాలు పలికించే పెడళ్ళు ఇంకా అందని వయసులోనే ఆర్గన్ ముందు కూర్చున్నారట. పెద్దయ్యాక ఒకే చర్చిలో నలభై ఏళ్ళు వాయిస్తూ పెళ్ళిళ్ళకూ, సమాధి కార్యక్రమాలకూ, పిల్లల బృందగానాలకూ స్వరాలు కట్టారట. ఇదంతా కూతురు చెప్పిందే. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవారు. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, ఎడమచెయ్యి రాలేదు. వ్యాయామం చేయించబోతే దాన్ని దుప్పటి కింద దాచేసేవారు.

ఒక ఉదయం పక్క సర్దుతూ, నాకు తెలియకుండానే మా అమ్మ వరినాట్లు వేస్తూ పాడే పాటను కూనిరాగం తీశాను. ఆయన ఇటు తిరిగి, మళ్ళీ పాడమన్నారు. మూడోసారికి మంచం కమ్మీ మీద కుడిచేతి వేళ్ళు ఆడించి, ఆగిపోయారు.

"కింది స్వరాలు వాయించే ఎడమచెయ్యి లేదు, సిస్టర్."

నాకు సంగీతం రాదు. ఊళ్ళో హార్మోనియం వాయించే మా చిన్నాన్న గుర్తొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో అనేశాను: "మా పాటకి అన్ని స్వరాలు అక్కర్లేదు సార్. శ్రుతికి ఒక్క మెట్టు నొక్కి పట్టుకుంటే చాలు."

మధ్యాహ్నానికి ఆయన ఎడమచెయ్యి తనే దుప్పటి కిందనుంచి బయటికి తీశారు.

వారాల తరబడి వ్యాయామం చేయగా చేయగా ఒక్క వేలు నిలిచింది. అల్లుడింటికి వెళ్ళాక, ఒక శుక్రవారం సెలవునాడు చర్చిలో మా తెలుగువాళ్ళ ఆరాధనకు వచ్చి, కీబోర్డు ముందు కూర్చుని, ఆ వేలిని కుడిచేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకుని, మా అమ్మ పాట వాయించారు. సగంలో వేలు జారింది, శ్రుతి ఆగిపోయింది. వెనక వరుసలోంచి మా సంఘంలోని కాకినాడ పెద్దమ్మగారు, ఆయనకు తెలుగు వస్తుందో రాదో కూడా చూసుకోకుండా, "మీరు కానివ్వండి బాబుగారూ, మేం పట్టుకుంటాంలెండి" అని గొంతెత్తి శ్రుతి అందుకున్నారు. ఆమెతోపాటు హాలంతా పట్టుకుంది. ఆయన కళ్ళు తుడుచుకోకుండానే చివరిదాకా వాయించారు.

స్వదేశం వెళ్ళాక ఆ పాటను ఆర్గన్‌కు రాసి, ఆ ఒక్క స్వరాన్ని మొదటినుంచి చివరిదాకా పాదంతో నొక్కి పట్టుకునేలా కట్టానని కబురు పంపారు.

నేను రిటైరై చాలాకాలమైంది. ఇప్పుడు మా కోడలు నర్సు. వార్డులో ఎవరెవరున్నారమ్మా అని అడిగితే బెడ్ నంబర్లు చెబుతుంది. తప్పు తనది కాదు. చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడు ట్యాబ్‌లో ఎక్కించాలట. మంచం పక్కన ఊరికే నిలబడిన ఆ కాసేపు రాసుకోవడానికి అందులో గడి లేదు. మా రోజుల్లో ఉద్యోగమంటే సగం ఆ కాసేపే.